నలిగిన కాలికి ఊపిరి

ఎముకల వార్డు బయట బల్ల మీద కూర్చున్న మనుషుల్ని మీరు చూసే ఉంటారు. చేతిలో ఎక్స్‌రే కవరు, పక్కన బుట్టలో ఫ్లాస్కు. లోపల వాళ్ల మనిషికి ఆపరేషను అయిపోయి ఉంటుంది. గాయం కడిగారు, విరిగిన ఎముకకు రాడ్డు వేశారు, తెగిన రక్తనాళం కుట్టారు. డాక్టరు బయటికి రాగానే వాళ్లు అడిగే మాట ఒక్కటే: "కాలు నిలబడుతుందా, డాక్టరు గారూ?"

ఎముకల డాక్టరుగా ఆ ప్రశ్న నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అక్కడికక్కడ జవాబు చెప్పగలిగిన సందర్భాలు తక్కువ. "మూడు రోజులు చూద్దామమ్మా" అంటాను. తప్పించుకోవటానికి ఆ మాట అంటున్నానని కొందరు నొచ్చుకుంటారు. నిజానికి ఆ మూడు రోజుల్లోనే కాలి తలరాత తేలుతుంది. ఆ రోజుల్లో కండలో ఏం జరుగుతుందో, అక్కడికి ఆక్సిజన్ చేర్చటానికి వైద్యం కనిపెట్టిన ఒక దారి ఏమిటో ఈ పూట మీకు చెబుతాను. ఆ దారి పేరు హైపర్‌బారిక్ ఆక్సిజన్ చికిత్స. అంటే, ఎక్కువ ఒత్తిడి ఉన్న గదిలో రోగిని ఉంచి స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పించటం.

కత్తితో కోసుకున్న గాయం వేరు, నలిగిన గాయం వేరు. కొడవలితో తెగితే గీత పడ్డచోటే దెబ్బ. కుట్లు వేస్తే అతుక్కుంటుంది. లారీ చక్రం కాలి మీద ఎక్కినా, నూర్పిడి యంత్రంలో చెయ్యి ఇరుక్కున్నా, చెరుకు గానుగ రోళ్ల మధ్య ముంజేయి పడినా అలా కాదు. చర్మం పైకి చిన్న చీలికే కనపడవచ్చు, లోపల జానెడు పొడుగున కండ చితికి ఉంటుంది. ఆ చితికిన కండ అంతా ఒక్కసారిగా చచ్చిపోదు. నడిమధ్య భాగం అప్పుడే పోయింది, దాన్ని ఎవరూ బతికించలేరు. చుట్టూ దూరంగా ఉన్నది బాగానే ఉంది. ఈ రెంటికీ నడుమ ఒక పట్టీ ఉంటుంది. చచ్చిందనటానికి లేదు, బతికిందనటానికీ లేదు. మా పోరాటమంతా ఆ పట్టీ కోసమే.

ఆ పట్టీని చంపేది చాలామటుకు వాపు. నలిగిన కండలోకి నీరు ఊరుతుంది. చర్మం కొంత సాగుతుంది గానీ దాని అడుగున కండరాలను చుట్టి ఉన్న పొర సాగదు. మోకాలి కింద కాల్లో అలాంటి పొరలు కట్టిన అరలు నాలుగున్నాయి. అర లోపల ఒత్తిడి పెరిగితే ముందుగా నొక్కుకుపోయేవి వెంట్రుక కన్నా సన్నటి రక్తనాళాలు. రక్తం ఆగితే ఆక్సిజన్ ఆగుతుంది. ఆక్సిజన్ అందని కణం తన గోడ నిలుపుకోలేక ఇంకా నీరు వదులుతుంది. దాంతో వాపు ఇంకా పెరుగుతుంది. వాపు వల్ల ఆకలి, ఆకలి వల్ల వాపు.

కాలువ చివరి ఆయకట్టు రైతులకు ఈ సంగతి ఊరికే అర్థమవుతుంది. తూము దగ్గర నీళ్లు పుష్కలంగానే ఉంటాయి. మధ్యలో గట్టు కూలి కాలువ పూడిపోతే చివరి మడికి చుక్క రాదు. పైనుంచి ఎన్ని నీళ్లు వదిలినా కూలిన చోటే పొర్లిపోతాయి. నలిగిన కాలికి మామూలు ఆక్సిజన్ మాస్కు పెట్టటం అలాంటి పనే. ఎందుకో చెబుతాను.

రక్తంలో ఆక్సిజన్‌ను మోసే కూలీ ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో మామూలు గాలి పీల్చినప్పుడే అది నూటికి 97, 98 వంతులు నిండి ఉంటుంది. బస్తా నిండిపోయాక ఇంకో శేరు పొయ్యమంటే ఎక్కడ పోస్తాం? మాస్కు పెట్టినా హిమోగ్లోబిన్ మోసేది దాదాపు అంతే. మరి మిగిలింది రక్తంలోని పసుపు నీరు, ప్లాస్మా. అందులో ఆక్సిజన్ నేరుగా కరుగుతుంది గానీ, మామూలుగా కరిగేది లెక్కలోకి రానంత తక్కువ: 100 మిల్లీలీటర్ల రక్తానికి 0.3 మిల్లీలీటరు.

ఇక్కడ గోలీ సోడా తలుచుకోండి. సీసాలో ఉన్నవి నీళ్లే. ఒత్తిడి పెట్టి అందులోకి గ్యాసు ఎక్కించి గోలీతో మూత బిగించారు. ఒత్తిడి ఉన్నంతసేపూ ఆ గ్యాసు నీళ్లలో కరిగి, కనపడకుండా కూర్చుంటుంది. గోలీ నొక్కగానే బుస్సుమంటుంది. ఒత్తిడి ఎంత పెంచితే ద్రవంలో వాయువు అంత ఎక్కువ కరుగుతుందని ఇంగ్లండులో విలియం హెన్రీ అనే రసాయన శాస్త్రవేత్త 1803లో చెప్పాడు. మన చికిత్సకు పునాది అదే. రోగిని గట్టి గదిలో పెట్టి, ఒత్తిడిని సముద్రమట్టం దగ్గర ఉండేదానికి మూడు రెట్లు చేసి, నూటికి నూరుపాళ్ల ఆక్సిజన్ పీల్పిస్తే, ఆ 0.3 మిల్లీలీటరు కాస్తా సుమారు 6 మిల్లీలీటర్లవుతుంది. విశ్రాంతిగా ఉన్న శరీరం ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తం నుంచీ తీసుకునే ఆక్సిజన్ కూడా దాదాపు అంతే. అంటే కూలీతో పనిలేకుండా నీళ్లే సరుకు మోసుకొస్తున్నాయన్నమాట.

ఇది కాగితం మీద లెక్క కాదని ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇటే బూరెమా అనే శస్త్రవైద్యుడు చూపించాడు. 1960లో ఆయన పంది పిల్లల మీద చేసిన ప్రయోగాన్ని ప్రకటించాడు. వాటి రక్తం తీసేసి ఎర్రకణాలు లేని ద్రవం ఎక్కించాడు. హిమోగ్లోబిన్ దాదాపు లేదు. మామూలు గాలిలో అయితే నిమిషాల్లో ప్రాణం పోవాలి. మూడు వాతావరణాల ఒత్తిడిలో, అంటే సముద్రమట్టం దగ్గరి ఒత్తిడికి మూడు రెట్లలో, ఆక్సిజన్ పీల్చిన ఆ పిల్లలు బతికి ఉన్నాయి. తర్వాత మళ్లీ రక్తం ఎక్కిస్తే కోలుకున్నాయి. ఆ వ్యాసానికి ఆయన పెట్టిన పేరుకు అర్థం 'రక్తం లేని బతుకు' అని. ఆయన అసలు గుండె ఆపరేషన్ల కోసం ఈ దారి వెతికాడు. గుండె ఆపి పనిచేసేటప్పుడు కొన్ని నిమిషాలు కలిసిరావాలని ఆయన ఆశ. అందుకు పెద్దగా వాడుకలోకి రాలేదు గానీ, ఆయన దగ్గర పనిచేసిన బ్రుమెల్‌కాంప్ మరుసటి ఏడే, 1961లో, గ్యాస్ గాంగ్రీన్ రోగులకు ఈ చికిత్స ఇచ్చి ఫలితాలు ప్రకటించాడు. గాయాల వైద్యంలోకి ఒత్తిడి గది అలా అడుగుపెట్టింది.

గ్యాస్ గాంగ్రీన్ గురించి ఒక్క మాట. దాన్ని తెచ్చే క్లాస్ట్రిడియం సూక్ష్మజీవి మట్టిలో, పేడలో ఉంటుంది. గాలి తగలని చోటే అది పెరుగుతుంది. చితికి, రక్తం అందని కండ దానికి పుట్టిల్లు. మన రైతులకు తగిలే గాయాలు చాలామటుకు మట్టీ పెంటా కలిసినవే కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను. పొలంలో నలిగిన గాయం మీద పసుపు అద్ది, కాఫీ పొడి చల్లి, ఆకు పసరు పోసి తీసుకొస్తుంటారు. దయచేసి అలా చెయ్యకండి. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకుని 108కి ఫోన్ చెయ్యండి. చాలు.

మళ్లీ మన పట్టీ దగ్గరికి వద్దాం, చావుబతుకుల మధ్య ఉన్న ఆ కండ దగ్గరికి. ఒత్తిడి గదిలో దానికి దొరికే మేలు ఒకటి కాదు. ప్లాస్మాలో కరిగిన ఆక్సిజన్ రక్తనాళం గోడ దాటి మామూలుకన్నా మూడు నాలుగు రెట్ల దూరం దాకా కండలోకి ఇంకుతుంది. ఎర్రకణం దూరలేనంతగా నొక్కుకుపోయిన నాళంలోనూ ప్లాస్మా పారుతుంది. కాలువ పూడినా చెమ్మ పాకినట్టు.

రెండో మేలు నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది. ఎక్కువ ఆక్సిజన్ అందినప్పుడు చిన్న ధమనులు ముడుచుకుంటాయి. లోపలికి వచ్చే రక్తం సుమారు అయిదో వంతు తగ్గుతుంది. ఇది కీడు కదా అనిపిస్తుంది. కానీ వచ్చే రక్తం తగ్గినా దానిలో ఉన్న ఆక్సిజన్ ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి కండకు లోటు రాదు. రక్తం తగ్గటం వల్ల బయటికి ఊరే నీరు తగ్గుతుంది, వాపు దిగుతుంది. ఆకలి తీరుస్తూనే వాపు దించటం ఏ సూదిమందుకూ అంత సులువుగా చేతకాని పని.

ఇంకొకటి ఉంది. తెగిన రక్తనాళాన్ని కుట్టి రక్తం వదిలాక అంతా బాగున్నట్టే ఉంటుంది. కొన్ని గంటలకు మళ్లీ కాలు చెడటం మొదలవుతుంది. ఎండి బీటలు వారిన చేలో ఒక్కసారిగా వరద వదిలితే మట్టి కోసుకుపోతుంది చూశారా, అలాంటిదే ఇది. తిరిగి వచ్చిన రక్తంతోపాటు తెల్లకణాలు వచ్చి, దెబ్బతిన్న నాళాల గోడలకు అంటుకుని, కాపాడవలసిన చోటే నిప్పు పెడతాయి. ఒత్తిడిలో ఇచ్చిన ఆక్సిజన్ తెల్లకణాలు అలా గోడకు అంటుకోవటాన్ని తగ్గిస్తుందని జంతువుల మీద చేసిన పరిశోధనల్లో తేలింది. అదే తెల్లకణం సూక్ష్మజీవిని మింగి చంపాలంటే మాత్రం దానికి ఆక్సిజన్ కావాలి. జెంటామైసిన్, అమికాసిన్ వంటి మందులు సూక్ష్మజీవి లోపలికి దూరటానికి కూడా ఆక్సిజన్ కావాలి. గాయం మానటానికి అల్లుకునే కొల్లాజెన్ దారానికీ అదే కావాలి.

ఇక ఆ గది ఎలా ఉంటుంది? రెండు రకాలు. ఒకటి ఒక్కరికే సరిపోయే పారదర్శకమైన గొట్టం. పడుకుంటే చుట్టూ కనపడుతుంది, బయటివాళ్లతో మాట్లాడవచ్చు. రెండోది నలుగురైదుగురు పట్టే ఉక్కు గది. అందులో గాలితో ఒత్తిడి పెంచి, రోగులకు మాస్కు ద్వారానో తలకు తొడిగే పారదర్శకమైన తొడుగు ద్వారానో ఆక్సిజన్ ఇస్తారు. నర్సు కూడా లోపలే ఉండవచ్చు. ప్రమాదం జరిగి ఇంకా ఒకటి రెండు రోజులే అయిన, పరిస్థితి నిలకడగా లేని రోగికి ఈ రెండో రకం గది మంచిదని నా అభిప్రాయం. బీపీ పడిపోతే చెయ్యి వెయ్యటానికి పక్కన మనిషి ఉండాలి కదా.

తలుపు బిగించాక ఒత్తిడి మెల్లగా పెంచుతారు. తిరుమల కొండ దిగుతున్నప్పుడు చెవులు మూసుకుపోయినట్టు ఉంటుందే, అలా ఉంటుంది. ఉమ్మి మింగమంటారు, ముక్కు మూసుకుని మెల్లగా ఊదమంటారు. చెవి తెరుచుకోకపోతే అక్కడే చెప్పాలి, ఓర్చుకుని ఊరుకోకూడదు. మనవాళ్లకు ఓర్చుకోవటం అలవాటు, అందుకని గట్టిగా చెబుతున్నాను. ఒత్తిడి పెరిగేటప్పుడు లోపల కాస్త వేడిగా, తగ్గించేటప్పుడు చల్లగా ఉంటుంది. ఒక్కోసారి పొగమంచు లాంటిది కమ్ముతుంది, భయపడనక్కర్లేదు. మామూలుగా రెండున్నర వాతావరణాల ఒత్తిడి వాడతారు. సముద్రంలో 15 మీటర్ల లోతున ఉన్నట్టు. ఒక్కో విడత గంటన్నర. మధ్యలో కొన్ని నిమిషాలు మామూలు గాలి పీల్పిస్తారు. ఎందుకంటే ఒత్తిడిలో ఆక్సిజన్ ఎక్కువసేపు పీలిస్తే మెదడు మీద పనిచేసి ఫిట్స్ రావచ్చు. ఈ సంగతిని ఫ్రాన్సులో పాల్ బెర్ 1878లోనే రాశాడు. అది అరుదు, వచ్చినా ఆక్సిజన్ ఆపగానే తగ్గుతుంది. శ్వాసగొట్టం వేసిన రోగిని లోపలికి తీసుకువెళ్లేటప్పుడు గొట్టం చివరి బెలూనులో గాలి బదులు నీళ్లు నింపుతారు. గాలి ఒత్తిడికి కుంచించుకుపోయి గొట్టం వదులవుతుంది, నీళ్లు కుంచించుకుపోవు. ఇలాంటి చిన్న చిన్న జాగ్రత్తల మీదే ఈ వైద్యం నిలబడి ఉంది.

వాటన్నిట్లోకీ పెద్దది నిప్పు. ఆక్సిజన్ నిండిన చోట చిన్న రవ్వ చాలు. లోపలికి నూలు బట్టలే. పట్టుచీర, నైలాను, పాలిస్టరు కూడదు. ఫోను, లైటరు, అగ్గిపెట్టె, బ్యాటరీ ఉన్న ఏ వస్తువూ కూడదు. తలకు నూనె, ముఖానికి పౌడరు, క్రీము, సెంటు ఏదీ ఉండకూడదు. పేషెంటు మొహం వాడిపోయిందని తల్లి ప్రేమగా తలకు నూనె రాసి దువ్వి పంపుతుంది. అక్కడి సిబ్బంది దాన్ని కడిగించి గానీ లోపలికి పంపరు. విసుక్కోకండి. 1997 అక్టోబరు 31న ఇటలీలోని మిలాన్‌లో ఒక ఆస్పత్రి ఒత్తిడి గదిలో మంటలు లేచి 11 మంది చనిపోయారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇదంతా వినటానికి బాగుంది, నిజంగా కాలు నిలబెడుతుందా?

ఫ్రాన్సులోని ఆంజే నగరంలో బువాషూర్, ఆయన తోటి వైద్యులు చేసిన పరిశోధన 1996లో వెలువడింది. నలిగిన గాయాల రోగులు 36 మంది. అందరికీ ఆపరేషను అయింది, అందరికీ మందులు ఒకటే. 24 గంటల్లోపే వాళ్లను చీటీలేసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టులో 18 మందికి రెండున్నర వాతావరణాల ఒత్తిడిలో ఆక్సిజన్, గంటన్నర చొప్పున, రోజుకు రెండుసార్లు, ఆరు రోజులు. రెండో జట్టులోని 18 మందినీ అదే గదిలోకి పంపారు, తలుపు బిగించారు, ఒత్తిడి నామమాత్రంగా పెంచారు, పీల్చింది మామూలు గాలే. ఎవరికి నిజం చికిత్స అందిందో, ఎవరికి ఉత్తుత్తిదో రోగికి తెలియదు, గాయాన్ని చూసి లెక్క రాసే డాక్టరుకూ తెలియదు. ఆక్సిజన్ అందిన 18 మందిలో 17 మందికి గాయం పూర్తిగా మానింది. అందనివాళ్లలో 10 మందికి. మళ్లీ ఆపరేషను, అంటే చర్మం అతకటం దగ్గర్నుంచి అవయవం తీసెయ్యటం దాకా, ఆక్సిజన్ జట్టులో ఒక్కరికి అవసరమైంది, రెండో జట్టులో ఆరుగురికి. ఎక్కువ తేడా కనపడింది నలభై దాటిన, గాయం బాగా తీవ్రంగా ఉన్న రోగుల్లో.

36 మంది అంటే తక్కువే. ఒక్క ఊళ్లో, ఒక్క ఆస్పత్రిలో జరిగింది. అయినా దాన్ని నేను గౌరవిస్తాను. ఉత్తుత్తి చికిత్స కోసం కూడా రోగిని గదిలోకి పంపి తలుపు బిగించేంత నిజాయితీ అందులో ఉంది.

తర్వాత ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్‌లోని ఆల్‌ఫ్రెడ్ ఆస్పత్రి వైద్యుడు ఇయన్ మిల్లార్ ముందుండి, వేర్వేరు దేశాల ఆస్పత్రులతో కలిసి ఇంకో పరిశోధన నడిపాడు. మోకాలి కింద ఎముక విరిగి బయటపడి, కండా చర్మమూ బాగా దెబ్బతిన్న రోగులు 120 మంది. ఆ 120 మందిని చేర్చటానికే ఏళ్లు పట్టింది. ప్రమాదం జరిగిన 48 గంటల్లోపు చికిత్స మొదలుపెట్టి, తొమ్మిది రోజుల్లో 12 విడతలు ఇచ్చారు. ఫలితాలు 2022లో వెలువడ్డాయి. కండ చావటం గానీ చీము పట్టటం గానీ, రెంటినీ కలిపి చూస్తే, ఆక్సిజన్ అందినవాళ్లలో నూటికి 43 మందికి, అందనివాళ్లలో నూటికి 58 మందికి వచ్చింది. తేడా ఉంది. అయితే అంత తేడా యాదృచ్ఛికంగా కూడా రావచ్చు కాబట్టి అది రుజువు కింద నిలవదని లెక్కల శాస్త్రం అంటుంది. కండ చావటం ఒక్కటే తీసుకుంటే 29కి 53. ఈ తేడా మాత్రం గట్టిగానే నిలిచింది. ఎముక ఆలస్యంగా అతుక్కోవటం లాంటి చిక్కులు కూడా ఆక్సిజన్ జట్టులో తక్కువ.

ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని ఆలోచిస్తే నాకు తోచే తీర్పు ఇది. తీవ్రంగా నలిగిన గాయంలో, మంచి ఆపరేషను జరిగాక, మొదటి రెండు రోజుల్లోపే మొదలుపెడితే ఈ చికిత్స కండను కాపాడుతుంది. చీమును ఆపుతుందని మాత్రం నేను హామీ ఇవ్వలేను. మామూలు ఎముక విరుపుకు, చిన్న గాయానికి దీని అవసరం లేదు. తక్షణ గాయాల మీద వచ్చిన అధ్యయనాలన్నిటినీ పోగేసి చూసిన కాక్రేన్ సమీక్ష 2013లో రుజువులు ఇంకా చాలవని రాసింది. అప్పటికి మెల్‌బోర్న్ ఫలితాలు రాలేదు. ఇప్పటికీ మరో పెద్ద పరిశోధన కావాలనే నేనూ అంటాను. రోడ్డు ప్రమాదాల్లో ఇంతమంది కాళ్లు నలుగుతున్న మన దేశంలోనే అది జరగాలని నా కోరిక.

ఒక మాట మాత్రం ఎన్నిసార్లయినా చెబుతాను. ఒత్తిడి గది కత్తికి బదులు కాదు. అరలో ఒత్తిడి పెరిగి కాలు రాయిలా బిగుసుకుపోతే దానికి విరుగుడు ఒక్కటే, చర్మమూ పొరా పొడుగునా కోసి అర తెరవటం. గంటల్లో జరగాలి. ఆరు గంటలు దాటాక కండా నరమూ తిరిగి రాకపోవచ్చు. ఇంత పొడుగు కోత చూసి చుట్టాలు హడలిపోతారు, "విరిగింది ఒక చోట, కోసింది ఇంత దూరమా" అని పోట్లాడతారు. ఆ కోతే కాలిని కాపాడింది. తెగిన ధమని కుట్టకుండా, చచ్చిన కండ తీసెయ్యకుండా ఎంత ఆక్సిజన్ పోసినా బూడిదలో పోసినట్టే. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి గదులు పెద్ద నగరాల్లోని కొన్ని ఆస్పత్రుల్లోనే ఉన్నాయి. మారుమూల మండలంలో ప్రమాదం జరిగితే ముందు ఆపరేషను చెయ్యగల దగ్గరి ఆస్పత్రికి వెళ్లాలి. గది ఉన్న ఊరు వెతుక్కుంటూ అంబులెన్సులో నాలుగు గంటలు తిప్పితే, కాపాడదామనుకున్న పట్టీ దారిలోనే పోతుంది.

గదిలోకి పంపేముందు చూసుకోవలసినవీ కొన్ని ఉన్నాయి. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన మనిషిని, ఆ గాలి తీసే గొట్టం వెయ్యకుండా, ఈ గదిలోకి పంపకూడదు. లారీ కింద పడ్డవాళ్లకు పక్కటెముకలు విరిగి ఇలా జరగటం కద్దు, అందుకే ముందు ఛాతీ ఎక్స్‌రే. షుగరు ఉన్నవాళ్లకు లోపల షుగరు పడిపోవచ్చు, వెళ్లేముందు చూడాలి. కొన్ని వారాలు తీసుకున్నవాళ్లకు దూరపు చూపు కాస్త మసకబారి మళ్లీ సర్దుకుంటుంది.

బీడీ, చుట్ట, సిగరెట్టు సంగతి చెప్పకుండా ఉండలేను. పొగలోని నికోటిన్ సన్నటి రక్తనాళాలను ముడుస్తుంది, విషమైన కార్బన్ మోనాక్సైడు హిమోగ్లోబిన్‌ను ఆక్రమిస్తుంది. వేలు ఖర్చుపెట్టి గంటన్నర ఆక్సిజన్ పీల్చి, బయటికి రాగానే మెట్ల కింద బీడీ వెలిగించుకుంటే ఆ డబ్బూ ఆ కష్టమూ నీళ్లపాలే. తొడ మీది చర్మం తీసి గాయం మీద అతికిన రోగులు పొగతాగితే ఆ అతుకు నల్లబడి ఊడి రావటం నేను కళ్లారా చూశాను. పలకరించటానికి వచ్చినవాళ్లు దిండు కింద బీడీ కట్ట పెట్టి వెళ్లకండి.

ఇంకో బాధ కూడా చెప్పుకోవాలి. ఇంత పనికొచ్చే చోట ఈ చికిత్స గురించి పట్టించుకునేవాళ్లు తక్కువ. పనికొస్తుందని రుజువు లేని చోట దాన్ని అమ్మేవాళ్లు ఎక్కువ. వయసు వెనక్కి మళ్లుతుందని, పిల్లల్లో ఆటిజం తగ్గుతుందని, ముఖం మెరుస్తుందని ప్రకటనలు వస్తున్నాయి. గాలి ఊదితే ఉబ్బే సంచి లాంటి గదులు కూడా అమ్ముతున్నారు. వాటిలో ఒత్తిడి సుమారు 1.3 వాతావరణాలే. నేను ఇంతసేపూ చెప్పిన లెక్కలేవీ వాటికి వర్తించవు. 2025 జనవరి 31న అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, ట్రాయ్ అనే ఊళ్లో, ఇలాంటి చికిత్సలు అమ్మే ఒక కేంద్రంలో ఒత్తిడి గొట్టానికి నిప్పంటుకుని లోపల ఉన్న అయిదేళ్ల బాబు చనిపోయాడు. ఎక్కడ ఇస్తున్నారు, ఎవరు పర్యవేక్షిస్తున్నారు, నిప్పు జాగ్రత్తలు ఏం తీసుకుంటున్నారు అని అడగటానికి మొహమాటపడకండి.

మీ ఇంట్లోవాళ్లకే ఇలాంటి గాయం తగిలితే, ఆపరేషను చేసిన డాక్టరును మొదటి రోజే అడగండి: "ఇది నలిగిన గాయమే కదా, హైపర్‌బారిక్ ఆక్సిజన్ వల్ల మేలుందా, పంపటానికి పేషెంటు తట్టుకుంటాడా?" వారం తర్వాత, కాలు నల్లబడ్డాక అడిగితే మా దగ్గర జవాబుండదు. వద్దని డాక్టరు అంటే ఎందుకు వద్దో చెప్పించుకోండి, ఆ కారణం సరైనదే కావచ్చు.

చివరగా రాత్రి కాపలా ఉండే అమ్మలకు, అన్నదమ్ములకు ఒక పని అప్పజెబుతున్నాను. కట్టు ఎంత పెద్దదైనా వేళ్ల చివర్లు బయటికి కనపడేటట్టు ఉంచమని అడగండి. అది పిండికట్టు కానీ, వెదురు బద్దలు పెట్టిన నాటుకట్టు కానీ. గంటకొకసారి ఆ వేళ్లు ముట్టుకుని చూడండి, రెండో కాలి వేళ్లతో పోల్చండి. చల్లబడినా, పాలిపోయినా, నీలం తిరిగినా, తిమ్మిరెక్కినా, వేలు మెల్లగా వంచితే రోగి కేక పెట్టినా, నొప్పి సూది వేసినా నొప్పి పెరుగుతూనే ఉన్నా, తెల్లవారేదాకా ఆగకండి. అర్ధరాత్రి అయినా సరే, వెళ్లి డ్యూటీ డాక్టరును లేపండి. నాటుకట్టు కట్టించుకుని ఇంట్లో ఉన్నవాళ్లయితే ఆ కట్టు అప్పుడే విప్పించి, ఆ రాత్రికే ఆస్పత్రికి బయల్దేరండి.